మనలోని మేనేజర్లు, మంటలార్పేవాళ్లు, వెలివేసిన పిల్లలు

(ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్ అనే చికిత్సా పద్ధతి మీద ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే.

రాత్రి పదకొండింటికి పడుకుందామనుకుని ఒంటిగంట దాకా ఫోను చూస్తూ కూర్చునేవాళ్లు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? చేతులెత్తక్కర్లేదు, మొహాలు చూస్తే తెలుస్తూనే ఉంది. ఆ రెండు గంటలూ లోపల ఏం జరుగుతుంది? "చాలు, పడుకో, పొద్దున్నే లేవాలి" అని ఒకరు అంటూనే ఉంటారు. "ఇంకొక్క వీడియో" అని ఇంకొకరు. చివరికి ఫోను పక్కన పెట్టాక మూడో ఆయన దిగుతాడు. "నీకు బుద్ధి లేదు, నువ్వు జన్మలో మారవు" అంటాడు. ముగ్గురూ మీరే. ముగ్గురి మాటా ఒకటి కాదు. మరి ఇందులో మీరెవరు?

ఈ ప్రశ్నను పట్టుకుని ఒక చికిత్సా పద్ధతినే కట్టారు. పేరు ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్. పొట్టిగా ఐఎఫ్ఎస్. ఒక ఇంట్లో మనుషులు ఒకరినొకరు ఎలా లాగుతుంటారో, ఒకరు గట్టిగా అరిస్తే ఇంకొకరు ఎలా మూలకి నక్కుతారో, మనసులోని భాగాల మధ్య కూడా అదే జరుగుతుందని ఈ పద్ధతి చెబుతుంది. ముందే ఒక మాట. దీన్ని పొగడటానికే నేను రాలేదు. ఇందులో నాకు బాగా నచ్చినవి ఉన్నాయి, ఒప్పుకోలేనివీ ఉన్నాయి. రెండూ చెబుతాను.

మనిషి లోపల ఒక్కడే ఉండడు అన్న ఆలోచన కొత్తదేం కాదు. ఫ్రాయిడ్ 1923లో మనసును ఇడ్, ఈగో, సూపర్ ఈగో అని మూడు చేశాడు. ఇటలీలో రాబర్టో అసాజియోలి ఉపవ్యక్తిత్వాల గురించి చెప్పాడు. ఫ్రిట్జ్ పెర్ల్స్ ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, నీలో ఉన్న ఆ రెండోవాణ్ని అక్కడ కూర్చోబెట్టి మాట్లాడు అన్నాడు. ఎరిక్ బెర్న్ ప్రతి మనిషిలోనూ ఒక తల్లిదండ్రి, ఒక పెద్ద, ఒక పిల్ల ఉంటారన్నాడు. సైకాలజీ చదువుతున్నవాళ్లు కొందరున్నారు ఇక్కడ, వాళ్లకి ఇవన్నీ పరీక్షలో వచ్చే పేర్లు. మిగతావాళ్లు మరిచిపోయినా పర్లేదు.

మరి ఐఎఫ్ఎస్‌లో కొత్తేమిటి? అది తెలియాలంటే ఎలా పుట్టిందో చెప్పాలి.

రిచర్డ్ ష్వార్ట్జ్ అని అమెరికాలో ఒక ఫ్యామిలీ థెరపిస్టు. 1980ల మొదట్లో షికాగోలో పనిచేసేవాడు. ఫ్యామిలీ థెరపిస్టులు ఏం చేస్తారు? ఇంట్లో ఒకరికి సమస్య వస్తే ఆ ఒక్కరితోనే మాట్లాడి ఊరుకోరు. మొత్తం ఇంటిని పిలిచి, ఎవరు ఎవరితో ఎలా ఉంటున్నారో చూస్తారు. ఆ రోజుల్లో వాళ్లలో చాలామందికి ఒక పట్టుదల ఉండేది. మనిషి లోపల ఏముందో తవ్వక్కర్లేదు, ఇంట్లోవాళ్ల మధ్య సంబంధాలు సరిచేస్తే లక్షణం దానంతటదే పోతుంది అని. ష్వార్ట్జ్ దీన్ని చూపించాలని బులీమియా ఉన్నవాళ్లతో పని మొదలుపెట్టాడు. బులీమియా అంటే తెలుసుగా? అదుపు లేకుండా ఒక్కసారిగా తినేయడం, తర్వాత భయంతో సిగ్గుతో దాన్ని ఎలాగైనా బయటికి పంపేయాలని చూడటం. కుటుంబాల్లో సంబంధాలు మెరుగుపడ్డాయి. కానీ చాలామందికి ఆ తినేయడం, పంపేయడం మాత్రం ఆగలేదు.

ఎందుకు ఆగలేదు అని ఆయన వాళ్లనే అడిగాడు. ఇది చిన్న విషయం కాదండీ. మన సిద్ధాంతం పనిచేయనప్పుడు మనం సాధారణంగా ఏమంటాం? పేషెంటు సహకరించలేదు అంటాం. ఈయన అడిగాడు. వాళ్లు చెప్పింది ఇంచుమించు ఇలా ఉంది. నాలో ఒక భాగం రోజంతా నన్ను తిడుతుంది. అది తిట్టగానే ఇంకో భాగం ముడుచుకుపోయి, నేనెందుకూ పనికిరానని ఏడుస్తుంది. ఆ ఏడుపు భరించలేక మూడోది వచ్చి నన్ను తిండి మీదికి తోస్తుంది. తినగానే మొదటిది మళ్లీ తిట్టడం మొదలు. నేను కుదించి చెబుతున్నాను, కానీ వరస ఇదే. ఫ్యామిలీ థెరపిస్టు చెవికి ఇది ఎలా వినిపించి ఉంటుంది? ఇల్లే కదా! ఒకరు అరుస్తారు, ఒకరు ఏడుస్తారు, ఒకరు తలుపు దడాల్న వేసి బయటికి పోతారు.

మొదట్లో ఆయన కూడా చెడ్డ భాగాన్ని అణిచేయాలనే చూశాడు. తిట్టే భాగాన్ని నోరు మూయించు, తినే భాగాన్ని కట్టేయి. ఒక క్లయింటు గురించి ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు, రాశాడు కూడా. ఆమె తనను తాను గాయపరుచుకునేది. ఆ పని చేయించే భాగంతో ఆయన గట్టిగా తలపడ్డాడు. ఈ వారం ఆ పని చేయనని ఆ భాగం ఒప్పుకునేదాకా ఆమెను గదిలోంచి కదలనివ్వలేదు. ఒప్పించాను, గెలిచాను అనుకున్నాడు. తర్వాతి సెషనుకి ఆమె మొహం మీద పెద్ద గాయంతో వచ్చింది. ఆయన కుప్పకూలిపోయి, నీతో నేను గెలవలేను, వదిలేస్తున్నాను అన్నాడు. అప్పుడు ఆ భాగం మెత్తబడింది. నిన్ను ఓడించాలని నాకూ లేదు అంది. సరే, మరి ఎందుకిలా చేస్తున్నావు అని మొదటిసారి తెలుసుకుందామని అడిగాడు. బెదిరించడానికి కాదు, నిజంగా తెలుసుకుందామని. అది తన కథ చెప్పింది. చిన్నప్పుడు ఆమె మీద అత్యాచారం జరుగుతున్నప్పుడు ఆమెను ఆ ఒంట్లోంచి బయటికి తప్పించింది తనే. ఆమె కోపం పైకి వస్తే ఇంకా దెబ్బలు పడతాయి కాబట్టి ఆ కోపాన్ని తొక్కిపెట్టిందీ తనే.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. మనం శత్రువనుకున్నది కాపలాదారు అని తేలింది. చేసే పని ఘోరమైనదే, ఆ పని ఆగాలి, అందులో రెండో మాట లేదు. కానీ దాని ఉద్దేశం ఆమెను కాపాడటం. ఐఎఫ్ఎస్ అంతా ఈ ఒక్క మలుపు మీద నిలబడి ఉందని నా అభిప్రాయం. మిగతా పేర్లూ, పటాలూ, మెట్లూ తర్వాత వచ్చాయి.

ఆ పేర్లు కూడా చెబుతాను, లేకపోతే చదివేటప్పుడు తికమక పడతారు. భాగాలు చేసే పనులు ప్రధానంగా మూడు రకాలు. మొదటివి వెలివేసిన భాగాలు. చిన్నప్పటి అవమానం, భయం, ఒంటరితనం మోస్తూ లోపల ఎక్కడో దాక్కున్న పిల్లల్లాంటివి. వాటి బాధ పైకి వస్తే మనిషి తట్టుకోలేడని మిగతావి వాటిని లోపలే ఉంచి తలుపు వేసేస్తాయి. రెండో రకం మేనేజర్లు. బాధ పైకి రాకుండా ముందు నుంచే జాగ్రత్తపడేవి. అన్నీ పర్‌ఫెక్ట్‌గా ఉండాలనేది, అందరినీ మెప్పించాలనేది, ప్రతి మెయిలూ నాలుగుసార్లు చదివించేది, ఎవరైనా తిట్టకముందే తానే తిట్టేసేది. ఇవన్నీ మేనేజర్లే. మనలో చాలామంది వీటినే "నా స్వభావం" అనుకుంటాం. ఉద్యోగంలో ప్రమోషన్లు కూడా వీటివల్లే వస్తాయి, అందుకని ఎవరూ వీటిని సమస్య అనుకోరు.

మూడో రకం మంటలార్పేవాళ్లు. ఇంగ్లీషులో ఫైర్‌ఫైటర్లు అంటారు. మేనేజర్లు ఎంత కాపలా కాసినా ఒక్కోసారి పాత బాధ భగ్గుమంటుంది. అప్పుడు వీళ్లు పరుగెత్తుకొస్తారు. మంట ఆరాలి, అంతే. ఇంట్లో సామాను తడిసిపోతుందా, గోడలు పాడవుతాయా అని చూడరు. తాగుడు, అదుపులేని తిండి, గంటల తరబడి ఫోను, ఒక్కసారిగా విరుచుకుపడే కోపం, చివరికి చచ్చిపోదామనే ఆలోచన కూడా కొందరిలో ఈ పనే చేస్తుంది. బాధ ఆపడానికి ఒక దారి ఉందని చూపిస్తుంది.

మేనేజర్లకీ మంటలార్పేవాళ్లకీ అస్సలు పడదు. ఇది గమనించండి. తాగించే భాగాన్ని తిట్టే భాగం ఎంత తిడితే లోపలున్న పిల్ల అంత ఏడుస్తుంది. అది ఎంత ఏడిస్తే తాగించే భాగం అంత గట్టిగా పరుగెత్తుకొస్తుంది. ఇప్పుడు బయటినుంచి మనం కూడా వెళ్లి "నీకు సిగ్గులేదా" అంటే ఎవరి పక్షాన చేరినట్టు? మేనేజరు పక్షాన. మంట పెరుగుతుందా, తగ్గుతుందా? అందుకే తాగేవాణ్ని సిగ్గుపరిస్తే మానడు. తెలిసినవాళ్లకి తెలుసు.

ఇంతవరకూ భాగాల సంగతి. మరి వీటన్నిటినీ చూస్తున్నది ఎవరు?

ష్వార్ట్జ్ ఇక్కడ ఫ్యామిలీ థెరపీలోని ఒక పాత పని వాడాడు. తల్లీ కూతురూ మాట్లాడుకుంటుంటే తండ్రి మధ్యలో దూరుతుంటాడనుకోండి. థెరపిస్టు ఏం చేస్తాడు? "మీరు కాస్త ఆ కుర్చీలోకి జరగండి, వాళ్లిద్దరినీ మాట్లాడుకోనివ్వండి" అంటాడు. ఇదే పని లోపల చేయమన్నాడు. ఒక భాగంతో మాట్లాడుతుంటే దాని మీద కోపం వచ్చిందా? ఆ కోపాన్ని కాస్త పక్కకు జరగమను. అది జరిగింది. భయం వచ్చిందా? దాన్నీ జరగమను. ఒకటి రెండు సార్లు ఇలా జరిగాక మనిషి గొంతే మారిపోయేది. అంతవరకూ ద్వేషించిన భాగం మీద జాలి, తెలుసుకోవాలనే ఆసక్తి కనిపించేవి. ఇప్పుడు మాట్లాడుతున్నది ఏ భాగం అని అడిగితే, ఇది భాగం కాదండీ, ఇది నేనే అనేవాళ్లు. ఒకరు కాదు, చాలామంది. దీనికి ఆయన సెల్ఫ్ అని పేరుపెట్టాడు.

ఈ సెల్ఫ్‌కి ఎనిమిది లక్షణాలు చెబుతారు. ప్రశాంతత, కుతూహలం, కరుణ, స్పష్టత, ఆత్మవిశ్వాసం, ధైర్యం, సృజన, అనుబంధం. ఇంగ్లీషులో ఎనిమిదీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. నిజం చెప్పాలంటే అదే నాకు కాస్త అనుమానం. మనసు అంత పొందికగా ఉంటుందా? నా పనిలో నేను కుతూహలం ఒక్కదాన్నే చూస్తాను. తన మీద తనకి కుతూహలం కలిగిందా, పని నడుస్తుంది. కలగలేదా, మిగతా ఏడూ ఉన్నట్టు కనిపించినా ఎవరో మేనేజరు మంచివేషం వేసుకొచ్చినట్టే లెక్క.

సరే, సిద్ధాంతం చాలు. సెషను ఎలా ఉంటుందో చూపిస్తాను. ఒక మనిషిని ఊహించుకుందాం. నా క్లయింటు కాదు, మీకోసం కల్పిస్తున్న మనిషి. సుజాత అనుకుందాం. ముప్పై ఏళ్లు. ఒక రిపోర్టు రాయాలి. రాయడం లేదు. కంప్యూటరు తెరుస్తుంది, డెస్కు సర్దుతుంది, ఇంకేదో పని గుర్తొస్తుంది, సాయంత్రమవుతుంది. రెండు గొంతులూ నేనే చెబుతాను, నవ్వకండి.

"రాద్దామని కూర్చున్నప్పుడు ఆపేది ఏదో ఉంది కదా, అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?"

"ఛాతీ మీద. ఏదో బరువు పెట్టినట్టు."

"దాన్ని అలా గమనిస్తూ ఉండండి. దాని మీద మీకేమనిపిస్తోంది?"

"చిరాకు. దానివల్లే నా బతుకు ఇలా తగలడింది."

ఆగండి. ఈ ప్రశ్న పట్టుకోండి: దాని మీద మీకేమనిపిస్తోంది? సెషను మొత్తంలో ఇదే ఇరుసు. చిరాకు అని జవాబొస్తే ఏమర్థం? ఇప్పుడు మాట్లాడుతున్నది సుజాత కాదు, ఇంకో భాగం. వాయిదా వేసే భాగం మీద ఎప్పట్నుంచో పగబట్టిన భాగం. పగబట్టినవాళ్లు అడిగితే ఎవరైనా నిజం చెబుతారా? చెప్పరు. అందుకని థెరపిస్టు ముందుకు వెళ్లడు.

"ఆ చిరాకు ఉండటం సహజమే. అది కూడా మీ మంచికే పాటుపడుతోంది. దాన్ని అడగండి, ఓ పది నిమిషాలు పక్కన కూర్చుంటుందా అని. పూర్తిగా పొమ్మనడం లేదు."

"...సరేనంటోంది. కానీ కనిపెట్టుకుని ఉంటానంటోంది."

"మంచిది. ఇప్పుడు ఆ బరువు మీద ఏమనిపిస్తోంది?"

"ఏమో... అలిసిపోయినట్టుంది పాపం."

"అది మీకోసం ఏం పని చేస్తోందో అడగండి. జవాబు మీరు ఆలోచించొద్దు. అది చెప్పేదాకా ఆగండి."

"రాయకపోతే ఎవరూ చదవరు అంటోంది. చదవకపోతే ఎవరూ నవ్వరు."

"ఆ పని మానేస్తే ఏమవుతుందని దాని భయం?"

ఇక్కడ సుజాత చాలాసేపు మాట్లాడదు. కొత్త థెరపిస్టులు ఈ నిశ్శబ్దానికి టెన్షన్ పడి ఏదో ఒకటి అనేస్తారు. అనకూడదు. తర్వాత ఆమె చెబుతుంది. ఎనిమిదో తరగతిలో తను రాసిన వ్యాసం టీచరు క్లాసులో పైకి చదివారు. తప్పులున్నచోటల్లా ఆగి మరీ చదివారు. క్లాసంతా నవ్వింది.

"మీకిప్పుడు ఎన్నేళ్లనుకుంటోందో ఆ భాగాన్ని అడగండి."

"...పదమూడు అంటోంది."

ఈ ప్రశ్న ఐఎఫ్ఎస్ వాళ్లు తరచూ అడుగుతారు. చాలామంది భాగాలు మనిషి పెరిగిన సంగతి తెలియనట్టే జవాబిస్తాయి. పదమూడేళ్ల పిల్లకి కాపలా కాస్తున్నానని అది ఇంకా అనుకుంటోంది. ముప్పై ఏళ్ల మనిషి రిపోర్టును అడ్డుకుంటోంది. దానికి ఇప్పటి సుజాతను చూపించడమే సగం పని. మిగతా సగం, ఆ భాగం అనుమతి తీసుకుని, దాని వెనకున్న పదమూడేళ్ల పిల్ల దగ్గరికి వెళ్లడం. ఆ రోజు ఎవరూ అనని మాట ఇప్పుడు సుజాత అనడం, ఆ పిల్ల మోస్తున్న బరువును దించుకోనివ్వడం. దించుకోవడం కూడా ఊహలోనే, ఆ పిల్లకి నచ్చిన తీరులో. నీటిలో వదలొచ్చు, గాలికి ఇవ్వొచ్చు. ఇదంతా ఒక్క సెషనులో అయిపోదు. మొదటి కాపలాదారే నమ్మకపోతే నెలలు పడుతుంది. అనుమతి లేకుండా వెనక తలుపులోంచి దూరితే ఆ రాత్రి మంటలార్పేవాళ్లు దిగుతారు.

ఇదంతా విని ఒకరిద్దరు మొహాలు చిట్లించారు, చూశాను. ఇది సైన్సా, నాటకమా అని కదా? అడగాల్సిన ప్రశ్నే.

పరిశోధన ఎంతుందో చెబుతాను. 2013లో ఒక అధ్యయనం వచ్చింది, రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం ఉన్నవాళ్ల మీద. మొత్తం 79 మంది. 39 మందికి 9 నెలలు ఐఎఫ్ఎస్, 40 మందికి జబ్బు గురించి సమాచారం మాత్రం. ఐఎఫ్ఎస్ తీసుకున్నవాళ్లలో నొప్పి తగ్గింది, శరీరం పనిచేసే తీరు మెరుగుపడింది. తమ మీద తమకు దయ పెరగడం, దిగులు తగ్గడం, కీళ్లనొప్పి గురించి వాళ్లు స్వయంగా చెప్పిన మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచాయి. బాగుంది. కానీ రెండో గుంపుకి దొరికింది కాగితాలూ ఫోన్‌కాల్సే. మనిషి ఎదురుగా కూర్చుని తొమ్మిది నెలలు శ్రద్ధగా వింటే ఏ పద్ధతితోనైనా కొంత మేలు జరుగుతుంది కదా? ఆ మేలులో ఐఎఫ్ఎస్ వాటా ఎంత? ఆ అధ్యయనం నుంచి తేల్చలేం. చిన్నప్పటి హింసవల్ల పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా వేధించే జబ్బు, వచ్చిన పెద్దవాళ్ల మీద ఇంకో అధ్యయనం ఉంది. 17 మంది, 16 సెషన్లు. ఫలితాలు చాలా బాగున్నాయి. కానీ పోల్చి చూడటానికి రెండో గుంపే లేదు. ఆలోచనల, అలవాట్ల తీరు మార్చడం మీద పనిచేసే సీబీటీ లాంటి పద్ధతుల వెనకున్న పరిశోధనతో పోలిస్తే ఇది చాలా పల్చన. ఐఎఫ్ఎస్‌కి ఇప్పుడున్న పేరు దాని రుజువుల కంటే చాలా ముందుకు పరుగెత్తింది. ఇది నా తీర్పు, మీరు ఒప్పుకోకపోవచ్చు.

దీనికంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది జ్ఞాపకాల సంగతి. భాగం ఒక దృశ్యం చూపించింది. అది నిజంగా జరిగిందా? ఎలిజబెత్ లోఫ్టస్ అనే సైకాలజిస్టు 1995లో ఒక ప్రయోగం ప్రచురించారు. 24 మందికి, మీరు చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారు అని జరగని సంగతిని, ఇంట్లోవాళ్లు చెప్పిన నిజమైన సంఘటనల మధ్య కలిపి చెప్పారు. సుమారు నాలుగోవంతు మంది ఆ జరగనిదాన్ని పూర్తిగానో కొంతవరకో గుర్తు తెచ్చుకున్నారు. కళ్లు మూసుకున్న మనిషిని, నమ్మిన థెరపిస్టు, లోపల ఇంకా ఏముందో చూడు, ఇంకా చూడు అంటూ పోతే ఏం కనిపిస్తుంది? వెతికిందే కనిపించొచ్చు. అందుకే నేనంటాను, భాగం చెప్పినదాన్ని బాధగా నమ్మండి, సాక్ష్యంగా నమ్మకండి. ఆ నొప్పి నిజం. ఆ దృశ్యంలో ఉన్న మనిషి ఆ పని చేశాడా లేదా అన్నది నొప్పి తేల్చలేదు. ఒక థెరపిస్టు మీ భాగాల సంఖ్య వారం వారం పెంచుకుంటూ పోతున్నా, మీకు గుర్తులేని అత్యాచారం జరిగి ఉండాలని పట్టుబడుతున్నా, ఇంట్లోవాళ్లతో తెంచుకోమని తొందరపెడుతున్నా అక్కడినుంచి లేచి వచ్చేయండి. మర్యాద కోసం కూర్చోవద్దు.

ఇంకొకటి. సెల్ఫ్ ఎప్పటికీ చెడిపోదు, ప్రతివారిలోనూ చెక్కుచెదరకుండా ఉంటుంది అని ఐఎఫ్ఎస్ చెబుతుంది. వినడానికి ఎంతో ఊరటగా ఉంటుంది. కానీ అది పరీక్షించి చూపగల మాట కాదు, నమ్మకం. నమ్మేవాళ్లు నమ్మొచ్చు. నమ్మకపోయినా పద్ధతి పనిచేస్తుందా? నా అనుభవంలో చేస్తుంది.

ఇంట్లో సొంతంగా చేసుకోవచ్చా అని అందరూ అడుగుతారు. కొంతవరకు చేసుకోవచ్చు. మేనేజర్ల దగ్గర ఆగిపోతే పర్లేదు. తిట్టే గొంతు వచ్చినప్పుడు "నేను పనికిరానివాణ్ని" అనే బదులు "నాలో ఒక భాగం నేను పనికిరానని అంటోంది" అని పైకే అనండి. మాటలో వచ్చేది అంత చిన్న మార్పే. కానీ అనేవాడికీ, అనబడేదానికీ మధ్య ఒక జానెడు చోటు దొరుకుతుంది. ఆ చోట్లోంచి అడగండి: ఈ పని మానేస్తే ఏమవుతుందని నీ భయం? జవాబు రాకపోతే బలవంతం చేయొద్దు, రేపు మళ్లీ అడగండి. వెలివేసిన భాగాల దగ్గరికి మాత్రం ఒంటరిగా వెళ్లొద్దు. చిన్నప్పుడు హింసకి గురైనవాళ్లు, ఎదుట లేనివి కనిపించే వినిపించే స్థితిలో ఉన్నవాళ్లు, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవాళ్లు దీన్ని సొంతంగా అసలు మొదలుపెట్టొద్దు. చచ్చిపోవాలన్న ఆలోచన కాపలాదారే కావచ్చు, అది వేరే మాట. ముందు మనిషి బతికి ఉండాలి. ముందు సైకియాట్రిస్టు, ముందు పక్కన ఒక మనిషి. భాగాలతో మాటలు తర్వాత.

ఇప్పుడు మీరు ప్రశ్నలు రాసి పంపిన చీటీలు. మూడొచ్చాయి.

"లోపల ఇంతమంది ఉంటే అది స్ప్లిట్ పర్సనాలిటీ కాదా?" కాదు. మీరు అంటున్న జబ్బుని ఇప్పుడు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటారు, 1994లో పేరు మార్చారు. అందులో ఒక స్థితిలో జరిగింది ఇంకో స్థితిలో గుర్తుండకపోవచ్చు, రోజులో కొన్ని గంటలు మాయమైపోతాయి. మీరు ఒంటిగంట దాకా ఫోను చూసినప్పుడు పొద్దున్నకి గుర్తుందా లేదా? ఉంది. సిగ్గుపడ్డారు కూడా. కాబట్టి కంగారు పడకండి.

"మా అబ్బాయికి పదిహేనేళ్లు, విపరీతమైన కోపం. ఇది వాడొచ్చా?" అమ్మా, రాసింది ఎవరో తెలియదు కానీ, ముందు మీ దగ్గర మొదలుపెట్టండి. వాడు తలుపు విసిరికొట్టగానే మీలో ఎవరు లేస్తున్నారు? నా పెంపకం తప్పని నలుగురూ అంటారు అనే భాగమా? నేను ఈ వయసులో ఇలా అరిచి ఉంటే మా నాన్న ఊరుకునేవాడా అనే భాగమా? అవి మాట్లాడుతున్నంతసేపూ వాడికి వినిపించేది వాటి మాటే. అవి కాస్త జరిగాక, ఆ కోపం మీద మీకేమనిపిస్తోందో చూసుకోండి. ఇదేంటో తెలుసుకుందాం అనిపించిన రోజు వెళ్లి వాడి పక్కన కూర్చోండి. ఉపన్యాసం ఇవ్వొద్దు, నాలాగా. ఇంట్లో వాడివల్ల ఎవరికైనా దెబ్బలు తగులుతుంటే మాత్రం ఇంతసేపు ఆగొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చివరిది. "దీంతో డిప్రెషన్ మందులు మానేయొచ్చా?" లేదు. డాక్టరుతో మాట్లాడకుండా మందు ఆపితే ఒంటికి, మనసుకి కూడా ఇబ్బందులు రావొచ్చు. అయితే ఈ చీటీ రాసిన వారిలో మందు వద్దనే భాగం ఒకటి ఉంది కదా, దాన్ని కొట్టిపారేయకండి. అడగండి, దేనికి భయపడుతోందో. బరువు పెరుగుతాననా? అలవాటైపోతుందనా? ఎవరైనా చూస్తారని సిగ్గా? ఇన్నాళ్లు వాడినా ఏమీ మారలేదని నిరాశా? ఏదైతే అది కాగితం మీద రాసుకుని, మందు వేసుకుంటూనే, వచ్చే అపాయింట్‌మెంటుకి పట్టుకెళ్లండి. బరువు గురించైతే మందే మార్చొచ్చు, పనిచేయట్లేదంటే డోసు చూస్తారు. అవి తెలియాలంటే డాక్టరుకి ఆ కాగితం కావాలి.